చేతులు కుదిరిన బొమ్మ

చిత్రకారుడి పనిగది. స్టాండు మీద ఇంకా తడి ఆరని బొమ్మ. దాని ముందు అతని భార్యకు అక్క.

“ఇదేంటి మరిదిగారూ, మా చెల్లి మెడకి ఈ ఆకుపచ్చేంటి?”

“అది మెడ కాదు వదినా, బాధ. కనిపించిన రంగు నేను వెయ్యను. అనిపించిన రంగు వేస్తాను.”

“సరే, బాగుంది. మొన్నట్నుంచీ ఫోనెత్తదేం?”

“పడుకుంది, లోపల. టీ తాగుతారా?”

“ఇంత పొద్దెక్కాకా? అందరికంటే ముందు లేచే మనిషి!”

“అలిసిపోయింది. నా బొమ్మకోసం కూర్చుని, కూర్చుని...”

“పెదాలు నీలం.”

“నీలమంటే మౌనం.”

“మౌనమా? మా బుజ్జిదానికా? దాని నోరు క్షణం మూతపడదే!”

“అందుకే... అంటే, అందుకే అలా ఊహించాను. కాస్త మాటా మాటా అనుకున్నాం లెండి. మీ దగ్గరికి వచ్చేస్తానంది.”

“నాతోనూ అంది. బస్సు దగ్గర నిలబడి చూసి చూసి, దిగకపోతే నేనే వచ్చాను. వెనకాల ఈ ఎరుపంతా ఏంటి?”

“కోపం.”

“దానిదా, మీదా?”

“బొమ్మది.”

“తల ఎందుకలా పక్కకి ఒరిగిపోయింది?”

“ఆకారాన్ని వంచితేనే భావం పలుకుతుంది. జనానికి అర్థం కాదు.”

“నాకూ కాలేదు. ఈ చేతులు మాత్రం... అచ్చం దానివే!”

“కుదిరాయి కదూ! కుదిరాయి కదూ వదినా!”

“ఇన్నాళ్ళూ మీరు వేసిన ప్రతి బొమ్మలోనూ దాని చేతులు అలికేసినట్టుండేవి.”

“ఏం చెయ్యను? కుదురుగా ఉంచితేగా! జుట్టు సర్దుకుంటుంది, గోరు కొరుక్కుంటుంది. విసుగొచ్చి అలికేసేవాణ్ణి.”

“ఇందులో గోళ్ళు కూడా విడివిడిగా ఉన్నాయి.”

“వెలుతురు పోయేదాకా వేశాను. వేలు కూడా కదపలేదు.”

“అదా? వేలు కదపలేదా?”

“మంచిదయిపోయింది.”

“మరిదిగారూ... గోళ్ళెందుకు నీలంగా ఉన్నాయి?”

“చెప్పాను కదా, మౌనమని.”

“ఆ గది తలుపు తియ్యండి.”

“కూర్చోండి, టీ పెడతాను.”

“నీ టీ వద్దు, ఏమీ వద్దు. నాకు భయమేస్తోంది. తప్పుకో. బుజ్జీ! ఒసే బుజ్జీ! అక్కనే, పలకవే!”

“అరవకండి వదినా. చూస్తే చూడండి, ముట్టుకోకండి. పాదాలు ఇంకా వెయ్యాలి.”