జహూర్ మేస్త్రి విజిలేస్తే కదిలిన బండ్లు

తల్లాడ ఊర్ల ముత్తక్క చాయ్ కొట్టు కాడ బండ్లు బాగుచేసే జహూర్ మేస్త్రి కూసుంటే ఇంకొకరి మాట నడవదు. రోడ్డవతల ఆసిమ్ షాపు దిక్కు మాత్రం చూడడు. తన చేతికింద పని నేర్చినోడు, ఇప్పుడు ఎదురుంగనే కంప్యూటర్ పెట్టి బండ్లు చూస్తుండు. ఆ కోపం ఇంక చల్లారలే. ఇయ్యాల కిరాయి బండ్లు నడిపే సంతోష్ కొత్త కారు తెచ్చిండు, పర్ణశాలకు జనాన్ని తిప్పనీకి. దాని మంచీచెడ్డా ఎవరికి అప్పజెప్తడో చాయ్ తాగేలోపు తేలాలె. దిష్టి తగలొద్దని దాని తాళానికి రాగిరేకు చుట్టి, నల్లదారం కడుతూ జహూర్ మొదలువెట్టిండు.

“మొన్న పర్ణశాల తొవ్వల, అడివి నడుమ, ద్వాలి టీచర్ కారు ఆగింది. నేనూ అండ్లనే ఉన్న. తాళం తిప్పితే కిక్కురుమనదు. తాళం బొమ్మ లైటు ఒకటే మినుకుమినుకు. దొంగలెత్తుకపోకుండ కంపెనోడు పెట్టిన లాక్ అది. తాళంల ఉన్న చిప్పును బండి గుర్తువట్టకపోతే సెల్ఫే తిరగదు. నేనేం జేసిన్నో ఎరికేనా?”

“బ్యాటరీ మార్చినవా?” అన్నడు పక్కన చాయ్ తాగుతున్న తుల్సీరాం.

“ఛీ! బానెట్ మీద చెవి పెట్టిన. బండి ఏ రాగం కోసం ఎదురుజూస్తుందో పట్టిన. గదే రాగం విజిలేసిన. గుర్రుమన్నది!”

“అబ్బో!”

“ఆగు, విజిల్ జర గట్టిగ వడ్డది. ఫారెస్టోళ్ల జీపు, ఇసుక లారీలు, గోదావరి అవతలి ఒడ్డున ఆగిన బస్సులు, అన్నీ డ్రైవర్లు లేకుండనే స్టార్టయి, నా ముందట లైన్ గట్టి హారన్‌తోని సలాం గొట్టినయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జపాన్ నుంచి పెద్దసారు ఫోన్ జేసి, ‘జహూర్ సాబ్, మా తాళాలన్నీ మీ నోట్లెనే ఉన్నయి, జర మూసుకోండ్రి’ అని బతిమాలిండు.”

“ఏ భాషల?” అన్నది ముత్తక్క.

“ఉర్దూల!”

సంతోష్ నవ్వుకుంట తాళం తీసుకొని కారెక్కి తిప్పిండు. ఉలుకు లేదు. తాళం బొమ్మ లైటు మినుకుమినుకు.

“చాచా, జర విజిలెయ్యి.”

జహూర్ ఊదిండు. గాలి, చాయ్ తుంపరలు తప్ప ఏం రాలే. మళ్లొకసారి ఊదిండు. రోడ్డవతల ఆసిమ్ తలెత్తి చూసిండు.

అప్పటిదాంక ముత్తక్క ఎనక ఫ్లాస్కుల చాయ్ పోయించుకుంటున్న ద్వాలి టీచర్ ముందటికొచ్చి, సంతోష్ చేతిల తాళం తీసుకొని రేకు విప్పింది.

“నా తాళానికి గూడ నువ్వే చుట్టినవు గద చాచా. రేకు అడ్డమొస్తే చిప్పు బండికి అందదట. ఆసిమ్ ఫోన్ల జెప్తే విప్పిన, స్టార్టయింది. అప్పుడు నువ్వు ఎనక సీట్ల గుర్రుపెడుతున్నవు.”

సంతోష్ ఆమె దగ్గర తాళం తీసుకొని తిప్పిండు. గుర్రుమన్న కారు సక్కగ ఆసిమ్ షాపు దిక్కు మళ్లింది.

ద్వాలి ఆ రేకును జహూర్ అరచేతిల పెట్టింది.

“నువ్వే కట్టుకో చాచా. నీ విజిల్‌కు దిష్టి తగిలింది.”