టీవీ కట్టేయమన్న ఆదివారం

"అమ్మమ్మా, నువ్వు కేబుల్ టీవీలో పిల్లల ప్రోగ్రాం చేసేదానివటగా? అమ్మ చెప్పింది. ఆ సంగతులు చెప్పవా?"

చెప్తాలే గానీ, ముందు నీ చంటోడెక్కడున్నాడో చూడు. గేటు గడేశావా? రోడ్డు మీద గ్రానైట్ లారీలు ఎట్లా పోతన్నయ్యో చూస్తన్నావుగా. వేశావా? సరే, ఇటు తిరిగి కూర్చో, వాడు కనపడేట్టు.

ఆఁ, ప్రోగ్రాం. దాని పేరు 'మరమరాల మూట'. పేరు నేనే పెట్టా. కాదు కాదు, మీ తాతయ్య పెట్టాడు, నేను సరేనన్నా. వచ్చిన పిల్లలందరికీ చివర్లో తలా ఒక పొట్లం మరమరాలు పెట్టేవాళ్ళం, అందుకని. అప్పట్లో మరమరాలు ఎంత చవకనుకున్నావు, గంపెడు తెచ్చినా చిల్లర మిగిలేది.

కేబుల్ సాంబయ్య అని ఉండేవాడు. ఊరంతా వైర్లు లాగింది ఆయనే. ఆఫీసు మిరపకాయల కొట్టు మేడ మీద. రాత్రిళ్ళు సినిమాలేసేవాడు, పొద్దున పూట ఏం వెయ్యాలో తెలిసేది కాదు. "టీచరమ్మా, మీ బళ్ళో పిల్లలు పద్యాలూ పాటలూ బాగా పాడతారంటగా, ఆదివారం ఓ అరగంట చేయించండి" అన్నాడు. ఏడింటికి మొదలెట్టి ఏడున్నరకి దిగితే చర్చికి అందుకోవచ్చులే అని ఒప్పుకున్నా. ఇంకేముంది, శనివారం సాయంత్రం నుంచే గుండెదడ! రికార్డింగూ గీర్డింగూ లేదు తల్లీ, అంతా లైవే. పెళ్ళిళ్ళు తీసే కెమెరా ఒకటి, వెనక దుప్పటి ఒకటి. కింద కొట్లో కాయలు కదిలించారంటే ఘాటు పైకొచ్చి పద్యం సగం, తుమ్ము సగం. కరెంటు ఎప్పుడు పోద్దో, ఏ పిల్ల బిక్కమొహం వేస్తదో. ఒకటే భయం నాకు. ఫోనేమో మోగుతానే ఉండేది, "మా అబ్బాయి పుట్టినరోజండీ, పేరు చదవండి" అని.

తర్వాత కార్టూన్ల చానళ్ళొచ్చాయి, మా మరమరాలు ఎవరిక్కావాలి? ఆగిపోయింది. అన్ని ఆదివారాలు చేశానా, నన్నడిగితే మాత్రం ఒక్క ఆదివారమే గుర్తు. చంటోడేడే? ఆఁ, అక్కడే ఉన్నాడు.

మిర్చి కోతల రోజులవి. నేను మెట్లెక్కేసరికి బెంచీ మీద ఒక పిల్ల కూర్చునుంది. నాలుగేళ్ళుంటయ్యేమో. కొత్త పూల గౌను. ముందురోజు సాయంత్రం బస్టాండు దగ్గర ఒక్కత్తే నిలబడుందంట. టీ కొట్టాయన ఇంట్లో పడుకోబెట్టుకుని పొద్దున్నే తీసుకొచ్చాడు. పేరడిగితే పలకదు, మరమరాలిస్తే ముట్టదు. ముందురోజు ఊళ్ళో పెద్ద పెళ్ళి జరిగిందిలే. సాంబయ్య గౌను చూసి, "పెళ్ళికొచ్చినోళ్ళ పిల్లయ్యుంటది టీచరమ్మా, టీవీలో చూపిస్తే పరిగెత్తుకుంటా వస్తారు" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

కూర్చోబెట్టి చూపించాం. ఫోన్లే ఫోన్లు. "అయ్యో పాపం" అనేవాళ్ళే గానీ "మా పిల్ల" అన్నవాళ్ళు లేరు. ఒకావిడైతే ఆ గౌను ఏ కొట్లో కొన్నారో కనుక్కోమంది! చూడు మనుషులు.

అప్పుడు ఏడవటం మొదలెట్టిందే ఆ పిల్ల. కళ్ళెట్లా తుడుచుకుందో తెలుసా? ఇదిగో ఇట్లా. జబ్బ పైకెత్తి, జబ్బతో. రెండు అరచేతులూ మాత్రం మొహానికి దూరంగా చాపి పెట్టుకుంది. మిరపకాయలు కోసేవాళ్ళ పిల్లలే అట్లా తుడుచుకుంటారమ్మా! మా అమ్మ కోతలకెళ్ళేది, నేను చేలగట్టు మీద పెరిగినదాన్నే. ఆ కారపు వేళ్ళు ఒక్కసారి కంటికి తగిలినయ్యంటే ఇంక జన్మలో మర్చిపోరు. చేతులెంత కడుక్కున్నా అంతే.

అంటే ఈ పిల్ల కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చినోళ్ళ పిల్ల. పొలాల్లో టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారే, వాళ్ళు. సంతకొచ్చి గౌను కొని తొడిగుంటారు. మరి పట్టా కింద టీవీ ఎక్కడిదే? ఊరందరికీ చూపిస్తన్నాం, కన్నవాళ్ళకి తప్ప!

ఇంక ఆలోచించలా. కెమెరాకేసి చూసి, "పిల్లలూ, ఇప్పుడే టీవీ కట్టేయండి. పెద్దోళ్ళని లేపండి. కోతలోళ్ళ పట్టాల దగ్గరకెళ్ళి, పూల గౌను పాప మా దగ్గరుందని చెప్పండి" అన్నా. సాంబయ్య నెత్తి బాదుకున్నాడు. "టీవీ కట్టేయమంటారేంటి టీచరమ్మా! చీరల కొట్టాయన అడ్వర్టైజ్‌మెంటు ఇంకా వెయ్యలేదే!"

ఫోను ఠక్కున ఆగిపోయింది. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. పొలాల్లో దిగుడు బావులు, రోడ్డు మీద లారీలు. ఒక్క పిల్ల కోసం ఊళ్ళో పిల్లలందర్నీ రోడ్డెక్కించానే, ఎవడికన్నా ఏమన్నా అయితే ఏ తల్లికి జవాబు చెప్పను? చర్చిలో గంట కొట్టారు. నేను కదల్లా. ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ప్రభువా, ప్రభువా అనుకుంటా కూర్చున్నా. ఎంతసేపో చెప్పలేను, నాకు మాత్రం యుగంలా గడిచింది.

ఆఖరికి ట్రాక్టర్ చప్పుడు. ట్రక్కు నిండా పిల్లలే, కేకలూ ఈలలూ. అందర్నీ తలలు లెక్కపెట్టుకునేలోపే ఆ పాప వాళ్ళమ్మ మెట్లెక్కొచ్చేసింది. బస్సెక్కి పోయిందేమోనని రాత్రంతా పక్క ఊళ్ళన్నీ వెతికారంట పాపం, కళ్ళు పీక్కుపోయినయ్యి. బిడ్డనెట్లా తీసుకుందో తెలుసా? అరచేతులు తగలనివ్వలా. మోచేతులతో వాటేసుకుంది. చేతులు రెండూ బిడ్డ వీపు వెనక గాల్లో. బిడ్డ చేతులూ అంతే, తల్లి మెడ వెనక గాల్లో. కన్నీళ్ళు మాత్రం చెంపకి చెంప ఆనించి తుడుచుకున్నారు. కెమెరా తిరుగుతానే ఉందే. చూసినోళ్ళెవరు? టీవీలన్నీ కట్టేసున్నయ్యిగా. ఆ ప్రోగ్రాంకి అంతకంటే ఏం కావాలి చెప్పు.

ఇప్పటికీ ఆదివారం ఏడయిందంటే గుండె కొట్టుకుంటది. అందరూ ఇంటికి చేరారా లేదా అని...

ఏడీ వాడు? అదుగో, మిరప మొక్క దగ్గర! కాయ తుంచాడు చూడు. లే, లే! కంట్లో పెట్టుకునేలోపు ఎత్తుకో. నీ బిడ్డని ఎప్పుడూ అరచేతుల్తో ఎత్తుకునే భాగ్యం నీకియ్యాల తల్లీ ఆ దేవుడు. పో, ముందు వాణ్ణెత్తుకో.