ఐదు వందల ఎనభై ఏడో వాకిలి: ఎవాంజలిన్ గారికి

అంకెల్లో మంచిచెడ్డలు దేవుడు పెట్టాడా, మనమే పెట్టుకున్నామా అన్న సందేహం నన్ను ఏళ్ల తరబడి వదలలేదు. నేనూ అష్టమినాడు ప్రయాణం పెట్టుకోను. కృష్ణుడు పుట్టింది ఆ తిథినాడే కదా అని పూజ చేస్తుండగానే అనుమానం వస్తుంది. శ్రీమతి ఎవాంజలిన్ గారి పదవీ విరమణ సందర్భంగా మన సంఘం పత్రికకు రాయమన్నప్పుడు ముందుగా మెదిలింది ఆ సందేహమే.

వారు 1994 జూన్ రెండున వేలూరులో మన నేత సంఘం కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. కంప్యూటర్లు వచ్చాక, ఎవరూ చెప్పకముందే నేర్చుకుని, గుడియాత్తం శాఖలో ఆ విభాగం బాధ్యత స్వీకరించారు. మన లుంగీల కోసం విదేశాలకు వెళ్లే ఈమెయిళ్లన్నీ వారి చేతి మీదుగానే వెళ్లేవి.

ఒక ఏడు, కొత్త పనులు మొదలుపెట్టని ఆడి మాసంలో, పెద్ద ఆర్డరు ఖాయం చేసే మెయిలు బయటికి పోక నిలిచిపోయింది. సంఘం మెయిలు నుంచి రాతలో వస్తేనే ఒప్పుకుంటామని కొనేవారు ఫోనులో చెప్పేశారు. మెయిలు బయలుదేరడానికి పోర్టు అనే, వాకిలిలాంటి అంకె ఒకటుంటుంది. మనం మొదటినుంచీ వాడినది 25. అది మెయిలు యంత్రాలు తమలో తాము ఉత్తరాలు మార్చుకునే దారి అనీ, దొంగ మెయిళ్ల బెడదవల్ల ఇంటర్నెట్ వాళ్లు మనకు దాన్ని మూసేశారనీ ఎవాంజలిన్ గారు కనుక్కున్నారు. మొదటి మాటనుంచే తాళంతో, అంటే రహస్య లిపిలో, నడిచే 465 మేలైనది, కానీ మన పాత యంత్రంలో అది లేదు. మిగిలింది 587. అందులో పలకరింపు బాహాటంగా సాగినా, పాస్‌వర్డు చెప్పేలోగా తాళం పడి తీరాలని కట్టడి చేయవచ్చు.

అప్పటి మేనేజరు దొరైస్వామి గారు సంఖ్యాశాస్త్రం ప్రకారం అంకె కలవనిదే సంతకమైనా చేసేవారు కారు.

“నడుమ ఎనిమిది ఉండాది గదమ్మా. శని కూర్చున్న వాకిట్లోంచి పంపమంటావా?”

“సార్, ఆ వాకిలికి బీగమన్నా ఉండాది. మీ ఇరవై ఐదుకు వాకిలే మూసేసినారు.”

ఆయన నవ్వలేదు. ఆడి పోయి ఆవణి రానిమ్మన్నారు. పై అధికారి మాట దాటి మార్చడం ఎవాంజలిన్ గారి స్వభావం కాదు. రోజూ ఉదయాన్నే వెళ్లి మళ్లీ అడిగేవారు. మారి అనే నేతగాడు కార్యాలయం గడపమీద కూర్చుని, “ఎట్లన్నా పంపక్కా. ఆర్డరు వస్తే మగ్గం దిగే మొదటి తుండుగుడ్డ నీకే” అన్నాడు.

ఆవణి పుట్టాక మేనేజరు గారు సరే అన్నారు. 587 పెట్టగానే మెయిలు వెళ్లింది. జవాబూ ఆ సాయంత్రమే వచ్చింది. ఆర్డరు మరొకరికి ఇచ్చేశారట.

ఆ తరువాత మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. మారి కే.వి.కుప్పం వైపు చెప్పుల కంపెనీలో కూలికి చేరాడు. గుడియాత్తం శాఖ నిరుడు మూతపడింది. ఎవాంజలిన్ గారి కుర్చీలోకి ఇక ఎవరూ రారు. వారు ఎన్నడూ ఎవరినీ నిందించలేదు. గతించిన దొరైస్వామి గారిని నేనూ తప్పుపట్టలేను. దేవుడి పేరున మనం పడిన భయం ఆ దేవుడికి చెందిందో లేదో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.

వారు నమ్మిన ప్రభువూ నేను కొలిచే అమ్మవారూ వారికి చల్లని ఆరోగ్యాన్నీ నిండు ఆయుష్షునూ ప్రసాదించాలని వేడుకుంటున్నాను.

ఈ సంచిక అచ్చుకు వెళ్లేముందు మారి వేలూరు కార్యాలయానికి వచ్చాడు. ఎవరి మగ్గమో అడిగి, తానే నేసిన తుండు ఎవాంజలిన్ గారి చేతిలో పెట్టాడు.

“ఆర్డరు రాలేదు గదప్పా” అన్నారు వారు.

“మాట ఇచ్చినాను గదక్కా.”

ఎవాంజలిన్ గారు దాన్ని మడత విప్పి, భుజాల మీద కప్పుకున్నారు.