మల్బరీ చెట్టు కింద పర్ణశాల

గలిలయ కొండల్లో ఒక చిన్న పట్నం. యూదులు ఏడు రోజులు ఆకుల పాకల్లో గడిపే పర్ణశాలల పండగ, నాలుగో రోజు పొద్దున. మల్బరీ చెట్టు కింద వేసిన పాకలోకి పురపాలక సంఘం తనిఖీదారు ఉజియేల్ తల దూర్చాడు. లోపల ఫ్రేహా, ఆమె పొరుగున ఉండే గెర్షోన్ మాస్టారు బైఠాయించి ఉన్నారు.

"అది కాదు పెద్దమ్మా, నేను తినడానికి రాలేదు. పాక తియ్యమని చెప్పడానికొచ్చాను."

"చెబుదువుగానిలే, ముందు కూర్చో. పండగ పూట గుమ్మంలో నిలబడతారా ఎవరైనా? గెర్షోన్ మాస్టారూ, ఆ అట్టముక్క కాస్త జరపండి, అబ్బాయి కూర్చుంటాడు."

"అట్టముక్క కాదు ఫ్రేహా. ప్లకార్డు."

"ప్లకార్డే జరపండి."

"పెద్దమ్మా, నాకు టైం లేదు. రేపు పొద్దున్నే రంపం బండి వస్తోంది. చెట్టు కొట్టేసి ఇక్కడ కార్లు పెట్టుకునే జాగా చెయ్యాలి. అనుమతి ఈ పండగ ఆఖరి రోజు దాకానే. అది దాటితే మళ్ళీ కాగితాలు, మళ్ళీ సభ, మళ్ళీ ఓటు. మా పెద్దాయన ఊరుకోడు."

"మాకూ తెలుసు. ఇంకో మూడు రోజులు గట్టెక్కిస్తే చాలనేగా ఈ ధర్నా. ఎండాకాలం ఈ వీధి మొత్తానికి ఉన్న నీడ ఇదొక్కటే. దీని పళ్ళ మరకలు ఉతికీ ఉతికీ నా చేతులు అరిగిపోయాయి, అయినా ఇది పోతుందంటే ఏడుపొస్తోంది నాయనా. ఇదిగో, కేకు తిను. నారింజ తొక్క వేశాను."

"నేను డ్యూటీలో ఉన్నాను."

"డ్యూటీలో ఉన్నవాడికి నోరుండదా?"

"సరే, ఒక్క ముక్క."

"ఒక్కటే. కాస్త పెద్దది, అంతే."

"ఉండండి, స్తోత్రం చెప్పుకోనివ్వండి. పర్ణశాలలో కూర్చోమని ఆజ్ఞాపించిన ప్రభువా, నీకు స్తోత్రం."

"ఆమెన్. మాస్టారూ, మీరూ అనండి."

"నాకు నమ్మకం లేదుగానీ, కేకు కోసం ఆమెన్."

"బాగుంది పెద్దమ్మా, చాలా బాగుంది. ఇక విషయానికొస్తాను. ఈ పాక తియ్యాలి."

"ఎలా తీస్తావు? ఇదేం డేరా కాదు, పర్ణశాల. పండగ ఏడు రోజులూ వీధిలో వేసుకున్న పర్ణశాల జోలికి పోకూడదని మీ పురపాలక సంఘం కాగితంలోనే ఉంది. మాస్టారు చదివి వినిపించారు."

"మూడుసార్లు చదివాను."

"దేవుడు కూర్చోమన్నాడు, కూర్చున్నాం. ఎవర్నీ తిట్టలేదు, ఎవరి మీదా రాయి వెయ్యలేదు. ఈయన నినాదాలిచ్చేది కూడా గొంతు తగ్గించే, పక్కింట్లో పసిబిడ్డ ఉందని."

"మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అసలివ్వను. జనం పడుకుంటారు."

"మీరు మంచివాళ్ళే, నేను కాదన్నానా? కానీ పెద్దమ్మా, ఒక్కసారి పైకి చూడండి. ఏముంది?"

"ఈతమట్టల కప్పు. కొత్తవే."

"దాని పైన?"

"చెట్టు."

"అదీ. చెట్టు కింద పర్ణశాల చెల్లదు. కప్పు మీద ఆకాశమే ఉండాలి గాని ఇంకోటి ఉండకూడదు. పర్ణశాల చెల్లకపోతే ఇది ఉట్టి డేరా. డేరా అయితే ఈ రోజే తియ్యాలి."

"గెర్షోన్ మాస్టారూ, ఏమిటి మీరు చేసిన నిర్వాకం?"

"నాకేం తెలుసు ఫ్రేహా? నలభై ఏళ్ళు లెక్కలు చెప్పుకున్నవాణ్ణి. చెట్టును కాపాడాలంటే చెట్టు కిందే కూర్చోవాలి గదా అనుకున్నా."

"మీకు తెలీదు సరే, నా బుద్ధి ఏ గడ్డి మేసింది? మా అమ్మ బతికుంటే చీపురు తిరగేసేది."

"ఒక ఉపాయం ఉంది పెద్దమ్మా. పైనున్న కొమ్మలు నాలుగు కొట్టేస్తే…"

"ఏమన్నావు?"

"ఆకాశం కనబడుతుంది. పర్ణశాల చెల్లిపోతుంది."

"చెట్టు కొట్టొద్దని వేసిన పాక కోసం చెట్టు కొట్టమంటావా? మీ ఆఫీసులో ఉన్న తెలివంతా నీకే పంచిపెట్టారా నాయనా?"

"ఉన్నమాట చెప్పాను."

"ఆగాగు. ఇది చెల్లని పర్ణశాల అంటావు?"

"ముమ్మాటికీ చెల్లదు."

"మరి ఇందాకటి నీ స్తోత్రమో?"

"ఏ స్తోత్రం?"

"పర్ణశాలలో కూర్చోమని ఆజ్ఞాపించిన ప్రభువా అన్నావే. ఉట్టి డేరాలో కూర్చుని."

"అది… అలవాటుగా వచ్చేసింది."

"అలవాటుగా దేవుడి పేరు వ్యర్థంగా పలికావు. పది ఆజ్ఞల్లో ఎన్నోది మాస్టారూ?"

"మూడోది. లెక్క మాత్రం తప్పను."

"మెల్లగా పెద్దమ్మా, వీధిలో వాళ్ళు వింటారు."

"మీ మామగారు రబ్బీయే కదూ, మతగురువు? సాయంత్రం అడుగుతాను. 'డేరాలో కేకు తిని స్తోత్రం చెప్పినవాణ్ణి ఏం చెయ్యాలండీ' అని. నీ పేరు చెప్పను. యూనిఫాం రంగు చెబుతాను."

"మీకు దణ్ణం పెడతాను, ఆయన దాకా వెళ్ళకండి. పెళ్ళి నాటి నుంచీ నన్ను అనుమానంగానే చూస్తున్నాడు."

"అయితే ఇది పర్ణశాలే అంటావా?"

"కాదు."

"డేరా అంటావా?"

"డేరా అంటే నా స్తోత్రం గంగలో… కేకు ఇంకా ఉందా?"

"కేకెందుకు ఇప్పుడు?"

"చెల్లే పర్ణశాలలో కూర్చుని ఇంకోసారి తింటాను, ఇంకోసారి స్తోత్రం చెప్పుకుంటాను. అప్పటిగ్గాని నాకు నిద్ర పట్టదు."

"చెల్లేది ఎక్కడుంది?"

"దీన్నే జరుపుదాం. చెట్టు నీడ దాటితే చాలు. మాస్టారూ, ఆ మూల పట్టుకోండి. బరువా?"

"నాలుగు కర్రలు, నాలుగు దుప్పట్లు. బరువేం లేదు. ఎటు?"

"ఎడమకి."

"ఎడమన గోడ."

"కుడికి."

"బేకరీ మెట్లు."

"అయితే ముందుకే పదండి. ఇంకా… ఇంకా. పెద్దమ్మా, పైకి చూస్తూ ఉండండి. ఆకులున్నాయా?"

"ఒక్క రెమ్మ ఉంది."

"ఇంకో మూడడుగులు. హమ్మయ్య, ఆకాశం. దించండి."

"ఉజియేల్, ఇది నడిరోడ్డు నాయనా."

"ఏదైతేనేం, పైన ఆకాశమే గదా. కేకివ్వండి."

"వీధికి అడ్డంగా ఉందేమో చూసుకో."

"స్తోత్రం మధ్యలో మాట్లాడకూడదు పెద్దమ్మా. పర్ణశాలలో కూర్చోమని ఆజ్ఞాపించిన ప్రభువా, నీకు స్తోత్రం."

"ఆమెన్."

"ఆమెన్. ఫ్రేహా, నాకూ ఒక ముక్క. నేనూ మోశానుగా."

"అబ్బాయ్, నీ ఫోను మోగుతోంది."

"మా పెద్దాయన. హలో… ఆ, చూశాను సార్. పర్ణశాలే. చక్కగా చెల్లుతుంది, లోపల కూర్చునే మాట్లాడుతున్నా… లేదు సార్, పండగయ్యేదాకా ముట్టుకోవడానికి లేదు… చెట్టు కింద కాదు, నడిరోడ్డు మీద… నిజమే సార్, రంపం బండికి ఇంకో దారి లేదు… అనుమతి తీరిపోతుంది, అదీ నిజమే… రోడ్డు మీద తెచ్చిపెట్టిన వెధవ ఎవడా? మీరు మాట్లాడుతున్నది వాడితోనే సార్."