పద్నాలుగని చెప్పిన నలభైఆరు

“అవ్వా, రక్తపరీక్షలో ఆ నంబరు ఎక్కినప్పుడు నెల దినాలు ఎట్ల గడిపినావో చెప్పవా? మా ఫ్రెండు వాళ్ళమ్మకు కూడా అట్లనే వచ్చిందంట. ఆమెకు వినిపిస్తాను.”

సెప్తా సెప్తా. ఆ చాట ఇట్ల జరుపు, చెనిక్కాయలు వొలుచుకుంటా సెప్తా. సేతిలో పనుంటేనే నాకు మాట బాగా వస్తాది.

మూడేండ్ల కిందట నాకు అండాశయంలో గడ్డ అని బెంగళూరులో ఆపరేషన్ సేసినారు గదా. తర్వాత ఆరుసార్లు కీమో. నెత్తిన ఒక్క ఎంట్రుక లేదు. “మొక్కు లేకనే గుండైపాయె, ఖర్చు మిగిలింది” అని మీ తాత నవ్విస్తానే ఉండె. అన్నీ అయినాక డాక్టరమ్మ సెప్పింది, ఇంగ మూడు నెల్లకొకసారి రక్తం ఇయ్యాల, అందులో మార్కర్ అని ఒకటుంటాది, అది ముప్పైఐదు లోపల ఉండాల, పోతాపోతా ఎక్కితే మాత్రం మనం సూసుకోవాల అని. సరే, మదనపల్లిలో ల్యాబుకు పొయ్యేది, రక్తం ఇచ్చేది, పన్నెండో పదమూడో వచ్చేది. నాకు అదొక ఆటయిపోయింది. మన పక్క జనమంతా తెల్లార్తో టమేటా రేటు అడగతారు సూడు, అట్ల మీ తాత నన్ను “నీ రేటెంత” అంటాడు. “పన్నెండు, నీదెంత” అంటాను. ఆయప్పకు ఎక్కాల, నాకు దిగాల.

అట్ల రెండేండ్లు జరిగింది. పోయిన కార్తీకంలో... కాదు, కార్తీకం అయిపోయినాక, అనపకాయలు వచ్చే కాలం. మీ తాత టమేటా బుట్టలు ఎత్తుకోని మార్కెట్టుకు పోయినాడు, నేను ఒకదాన్నే ల్యాబుకు పోయినా. బస్సుకు ఇప్పుడు ఆడోళ్ళకు టికెట్ లేదు గదా, ఆధార్ కార్డు సూపిస్తే సాలు. నా పెండ్లయిన కొత్తల్లో పుంగనూరు నుంచి మదనపల్లికి రూపాయి కూడా లేదు టికెట్, ఆ రూపాయి లేకనే మీ తాత, నేను మునగాకు మూట నెత్తిన పెట్టుకోని నడిసిపోయినాము ఒకసారి. సరేలే, అది వేరే కత.

ల్యాబులో పిల్ల కాగితం ఇచ్చేటప్పుడు ఎప్పుడూ నవ్వతాది. ఆ దినం నవ్వలేదు. “పెద్దమ్మా, ఇది డాక్టరుకు సూపించండి” అనింది. సూస్తే నలభైఆరు. నాకు చదువు తక్కువగాని అంకెలు బాగా తెలుసు. నలభైఆరంటే నలభైఆరే. ఆడనే బెంచీ మీద కూసుండిపోయినా.

మా అమ్మ గుర్తొచ్చింది. నువ్వు సూడలేదులే ఆమెను. గుర్రంకొండ పక్క పల్లెలో, కడుపుబ్బి కడుపుబ్బి పోయింది. అది ఏం రోగమో ఎవరికీ తెలీదు. ఏదో చెట్టు మందు తాగించినారు. ఆమెకు ఒక కాగితం లేదు, ఒక నంబరు లేదు. నాకు ఉండాది. ఉండేదే నాకు దిగులాయె.

డాక్టరమ్మకు ఫోన్ సేసినా. మంచామె, తొందర పెట్టదు. “అమ్మా, కడుపులో యాడన్నా వాపు ఉండినా ఎక్కుతాది, ఇన్‌ఫెక్షన్ ఉండినా ఎక్కుతాది, గడ్డ మళ్ళా వచ్చినా ఎక్కుతాది. ఒక్క నంబరు సూసి నేను ఇదీ అని సెప్పలేను. నాలుగు వారాలాగి మళ్ళా రక్తం ఇయ్యండి, స్కాన్ తీస్తాము” అనింది. “భయపడాల్నా అమ్మా” అని అడిగినా. “భయపడొద్దని నేను సెప్తే మీరు ఆగిపోతారా? ఆ పరీక్ష అయ్యేదాకా ఏమీ తేల్చుకోవద్దండి, అంతే” అనింది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందిగాని పాటించలేదు.

ఇంటికొస్తే మీ తాత అరుగు మీద కూసోని ఉండాడు. “నీ రేటెంత” అనినాడు. నోట్లోంచి అట్లనే వచ్చేసింది, “పద్నాలుగు” అని. ఆయప్పకు బీపీ, మాత్రలు మింగతాండాడు. యాల సెప్పాల, ఎందుకు ఆయప్పకు దిగులు అనుకున్నా. “మేలు” అని లోపలికి పోయినాడు.

ఇంగ సూడు నా యవ్వారం. పొద్దన్నే లేస్తానే కడుపు పట్టి పట్టి సూసుకునేది. అనపగింజల పితికిపప్పు రెండు గరిటెలు ఎక్కువ తిని కడుపు బిగిస్తే, అదిగో వచ్చేసిందనుకునేది. పది దినాలకు ఓర్సుకోలేక పుంగనూరులో ఇంగో ల్యాబుకు దొంగగా పోయినా. ఏమొచ్చిందనుకున్నావు? యాభైరెండు. డాక్టరమ్మకు ఫోన్ సేస్తే, పాపం ఎప్పుడూ అరవదు, ఆ దినం రవంత గట్టిగానే సెప్పింది. “ఒక ల్యాబు మిషనుకు ఇంగో ల్యాబు మిషనుకు తేడా వస్తాదమ్మా. ఎప్పుడూ ఒకే తావ సేయించాల. ఇట్ల వారం వారం సూది పొడిపించుకుంటే మీకు నిద్ర సెడతాది, నాకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు” అని. మీ ఫ్రెండు వాళ్ళమ్మకు ఇది ముందు సెప్పు. ఒకటే ల్యాబు.

మళ్ళా ఏం సేసినానంటే, మీ తాతకు రాగిసంగటి సేసేది నేర్పిద్దామని కూసున్నా. నవ్వొద్దు. నేను పోతే ఈ మనిసి ఏం తింటాడు, అదొకటే నా మనసులో. యాభై ఏండ్లలో పొయ్యి దగ్గరికి వచ్చినోడు కాదు. కాఫీ పొంగినా నన్ను పిలస్తాడు, తను లేసి దించడు. “నాకు సెయ్యి నొప్పి, రవంత గెలుకుదువు రా” అని పిలిసినా. మారు మాట్లాడకుండా వచ్చినాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నూకలు ఉడికినాక పిండి పోసి, మూతపెట్టి, తర్వాత కట్టెతో గెలకాల అని సెప్పినా. గెలికినాడు. అంతా ఉండలు. మరుసటి దినం మళ్ళా సెప్పినా. మళ్ళా ఉండలే. వారం దినాలు సెప్పినా, వారమూ ఉండలే. ఊరిబిండి పచ్చడిలో ముంచుకోని ఆ ఉండలే మింగినాము ఇద్దరమూ. ఇంత మొద్దు మనిసేందిరా సామీ అనుకున్నా.

అప్పుడు మునిరత్నమ్మను సూడాలనిపించింది. ఎవరంటే, కీమో ఎక్కించేటప్పుడు నా పక్క మంచం ఆమె. రామకుప్పం పక్కన పల్లె. నాకంటే పదేండ్లు చిన్నది, నాదీ ఆమెదీ ఒకటే జబ్బు. ఆమెకు ఏడాదిన్నరగా నంబరు ఎక్కేది దిగేది అని ఫోన్లో సెప్తా ఉండె. మీ తాతకేమో కుప్పంలో సీమంతం ఉండాదని ఇంగో అబద్ధం సెప్పి, పలమనేరు బస్సెక్కి, ఆడ దిగి కుప్పం బస్సెక్కి పోయినా. 

పోతే ఆమె చేన్లో ఉండాది. ముందు దినమే ఏనుగులు వచ్చి రాగి చేను సగం తొక్కి పోయినాయంట. నిలబడిన సగం కోస్తాండాది, నేను కూడా కొడవలి తీసుకున్నా. కోస్తా కోస్తా ఏడ్సినా. అంతా సెప్పినా. ఆమె యాడా ఆపకుండా వినింది. నేనేమో పెద్ద తెలివిగా, “ఏనుగులు వస్తాయని రాగులు సల్లకుండా ఉంటామా మునిరత్నా, ఇదీ అట్లనే గదా” అనినా. “ఏనుగుకు దీనికీ ఏం సంబంధమక్కా. ఏనుగులైతే ఫారెస్టోళ్ళకు ఫోన్ సేస్తాను” అనింది. ఇద్దరమూ నవ్వినాము. 

తర్వాత ఆమె అడిగింది, “బావకు సెప్పినావా?”

“లేదు. పద్నాలుగని సెప్పినా.”

“అట్లయితే నీకు నంబరు ఒక బరువు, ఆ అబద్ధం ఇంగో బరువు. నేను మొదటిసారి అట్లనే దాసినానక్కా. నంబరు కంటే దాసేదే నన్ను నిండా సంపింది. ఇప్పుడు వచ్చిందొచ్చినట్టు సెప్పేస్తాను. ఆ దినం ఇద్దరమూ దిగులు పడతాము. మరుసటి దినం పనికి పోతాము.”

ఇదే ఆమె సెప్పింది. పెద్ద మాటలేమీ కాదు. వచ్చేటప్పుడు సంచిలో కొత్త రాగులు పోసిచ్చింది.

మాపటేలకు ఇల్లు సేరినా. మీ తాత పొయ్యి ముందర కూసోని సంగటి గెలకతాండాడు. నేను పిలవలేదు, తనే పెట్టినాడు. దగ్గరికి పోయి సూస్తే ఒక్క ఉండ లేదు. వెన్నముద్ద మాదిరి ఉండాది. సంచి దించి, గోడకానుకోని, “సీమంతం లేదు ఏమీ లేదు. మునిరత్నమ్మ దగ్గరికి పోయినా. ఆ నంబరు పద్నాలుగు కాదు” అనినా.

కట్టె ఆపకుండానే, “నలభైఆరు” అనినాడు.

“నీకెట్ల తెలుసు?”

“ల్యాబులో రాసిచ్చింది నా ఫోన్ నంబరే గదా. నువ్వు బస్సెక్కక ముందే నాకు మెసేజ్ వచ్చింది. మార్కెట్లో ఒక పిల్లోనితో సదివించుకున్నా.”

సూడు, నేను పద్నాలుగు అనినప్పుడు ఆయప్పకు తెలుసు. తెలిసే మేలు అనినాడు. నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు వచ్చిందో సెప్పలేను. “యాల అడగలేదు నన్ను” అంటే, “నువ్వు దాసుకున్నావంటే నాకోసరమే గదా, దాన్ని యాల లాగాల అనుకున్నా” అనినాడు. 

“మరి ఇన్ని దినాలు ఆ ఉండలేంది? ఇప్పుడింత బాగా యాడ నేర్సుకున్నావు?”

పొయ్యిలో మంట తగ్గించినాడు. తర్వాత తల వంచుకోనే సెప్పినాడు. “నాకు రెండో దినమే వచ్చేసింది. నువ్వు యాల నేర్పిస్తాండావో తెలుసు. నాకు రాకపోతే నువ్వు నన్నిడిసి పోలేవు గదా అని ఉండలు కట్టినా. ఈ దినం నువ్వు లేవు. ఒక్కన్నే కూసోని ఆలోసన సేస్తే, నాకు వచ్చిందని తెలిస్తే నీ మనసన్నా కుదురుగా ఉంటాదేమో అనిపించింది.”

యాభై ఏండ్లు కాపురం సేసినా పాపా. ఆయప్ప అన్ని మాటలు ఒకసారి మాట్లాడింది ఆ దినమే. పెండ్లిలో కూడా తల ఊపినాడంతే.

ఆ పొద్దు నుంచి నాకు సగం భారం దిగిపోయింది. జబ్బు పోలేదు, నంబరు దిగలేదు, అయినా నిద్రొచ్చింది. నాలుగు వారాలయినాక ఇద్దరమూ బెంగళూరు పోయినాము. రక్తం ఇచ్చినా, స్కాన్‌లో పండుకున్నా. స్కాన్ మిషను గుయ్యిమంటాంటే కండ్లు మూసుకోని మన పిలకాయల పేర్లన్నీ వరసగా సెప్పుకున్నా, నీ పేరు కూడా. డాక్టరమ్మ కాగితాలు సూసి, “ముప్పైతొమ్మిది ఉండాది. స్కాన్‌లో ఏమీ అగపడలేదు” అనింది. 

“అయితే పోయినట్టేనా అమ్మా?” మీ తాత అడిగినాడు.

“పోయిందనీ సెప్పను, వచ్చిందనీ సెప్పను. ఎందుకు ఎక్కిందో నాకూ తెలీదు. ఇంగ రెండు నెల్లకొకసారి సూద్దాము. కడుపుబ్బినా, అన్నం పోకపోయినా ముందే రండి.”

బయటికొచ్చి హోటల్లో ఇద్దరమూ దోసెలు తిన్నాము. మీ తాత ఇంగొకటి తెప్పించుకున్నాడు. తర్వాత రెండుసార్లు ఇచ్చినా. ఒకసారి ముప్పైమూడు, ఒకసారి ముప్పైఆరు. ఆ ముప్పైఐదు గీత కాడనే ఊగులాడతాండాది. పరీక్షకు ముందు రెండు దినాలు ఇప్పటికీ నాకు భయమే, అబద్ధం యాల. ఆ రెండు దినాలు దిగులు పడతాను. మిగతా దినాలు దానికియ్యను. ఆవులుండాయి, పసరం మేత ఉండాది, మునిరత్నమ్మ ఫోన్ సేస్తే గంట మాట్లాడతాది.

మీ ఫ్రెండు వాళ్ళమ్మకు ఏమని సెప్పాలంటావా... ఆమె నంబరు నాకు తెలీదు, నేనేమి డాక్టర్నా. డాక్టరు సెప్పిన దినానికి పొమ్మను. ఒక్కతే పోవద్దను. ఇంట్లో సెప్పిందా లేదా, అది మాత్రం అడుగు.

ఇంగ నువ్వు... నువ్వు సల్లగా ఉండాల తల్లీ. మంచి మాటొచ్చినా సెడ్డ మాటొచ్చినా, ఇంట్లోకి రాంగానే సెప్పుకునే మనిసి నీకొకరు ఉండాల. దొరకతారులే. దొరికేదాకా నాకు సెప్పు. ఉన్నన్ని దినాలు నేనుండాను.