బ్యాటరీలో పోసిన నీళ్లు

పట్టుచీరల వ్యాపారి నరసింహప్ప స్కూటరును కదిరిలోని మెకానిక్కు బాలప్ప షెడ్డు దాకా తోసుకొచ్చాడు. చొక్కా నిండా ముళ్లు చీరిన గీతలే.

"ఏమప్పా, మొన్ననే కదా బాగు చేసిచ్చినావు? నిన్న పొద్దు గుంకినాక దారిలో లైటు ఆరిపాయ. పోయి తుమ్మకంపలో పడితి. పెండ్లికూతురి చీర పీలికలైపాయ."

"బల్బు పోయింటాదిలే అన్నా."

"బల్బు నువ్వే మారిస్తివి."

"అట్లయితే వైరు."

"అదీ మారిస్తివి. ఇంగ నా తలకాయ మార్చు!"

మెకానిక్కు నవ్వబోయి మానుకున్నాడు.

"బ్యాటరీలో చార్జి నిలబడ్తాలేదన్నా. ఎండలకు అంతే."

నరసింహప్ప వంగి బ్యాటరీ బిరడా తిప్పి చూశాడు. ఇంట్లో నీళ్ల కడవకు పట్టినట్టు లోపలంతా తెల్లగా ఉప్పు పేరుకుంది. అసహ్యంతో మొహం తిప్పుకున్నాడు.

"దీంట్లో ఏం నీళ్లు పోసినావప్పా?"

"ఉప్పు లేని నీళ్లే అన్నా. బ్యాటరీ నీళ్లు ఈడ దొరకవని వాన నీళ్లు పట్టి పోసినా."

"బావి నీళ్లు కాదు కదా?"

"మాయమ్మ మీద ఒట్టు. అప్పుడే పట్టిన కొత్త నీళ్లన్నా!"

షెడ్డు వెనక ఉప్పునీళ్ల బావి గట్టున బొక్కెన ఇంకా తడిగానే ఉంది. నరసింహప్ప దాన్ని చూశాడు, తెల్లగా మండుతున్న ఆకాశాన్ని చూశాడు.

"థూ! పోయినేడు నుంచి ఈ సీమలో చుక్క రాల్లేదు. ఊరూరా జనం వాన కోసం మొక్కుకుంటాండారు. నీ ఒక్క షెడ్డు మీదే కురిసిందేమప్పా?"