పచ్చయమ్మాళ్ బావి

పాలారు ఒడ్డున, మూతపడిన తోళ్ళ ఫ్యాక్టరీ వెనక వీధిలో పచ్చయమ్మాళ్ పెరటి బావి. నీళ్ళ పరీక్షకు వచ్చిన ఇరుదయరాజ్ నీళ్ళు తోడే గొట్టం కడగబోతున్నాడు.

“కడక్కు తంబీ. అట్లానే దించెయ్.”

“అట్లా దించకూడదమ్మా. ఇందాకే కదా దీన్ని ఫ్యాక్టరీ గోడ పక్క బోరులో ముంచి తీసింది? పచ్చగా ఎట్లా అంటుకుందో చూడండి. ఇది మీ బావిలో కలిస్తే...”

“కలవనీ.”

“మీ నీళ్ళు మంచివైనా రిపోర్టులో విషమని వస్తుంది.”

“రానీ అంటున్నా.”

“కొంచెం జరగండమ్మా, సబ్బునీళ్ళు పడతాయి.”

“ఎన్నిసార్లు కడుగుతావు? పెళ్ళికొడుక్కి కూడా ఇంత తలంటు పొయ్యరు.”

“సబ్బుతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు, చివర ఈ క్యాన్ నీళ్ళతో. ఆ ఆఖరి నీళ్ళు కూడా సీసాలో పట్టి పంపాలి. నేను సరిగా కడిగానో లేదో ల్యాబులో తేలుస్తారు.”

“నీవాళ్ళకే నీమీద నమ్మకం లేదన్నమాట.”

“ఎవరిమీదా ఉండదు లెండి. అవునూ, అందరూ మా నీళ్ళు మంచివని రాయమని బతిమాలతారు. మీరేంటమ్మా?”

“వాళ్ళ ఇళ్ళల్లో ఏళుమలై లేడు కదా.”

“ఏళుమలై అంటే?”

“నా కొడుకు. పోయిన ఆడి నెలలో పోయాడు. ముప్పై ఆరేళ్ళు. కిడ్నీలు రెండూ... తాగి తాగి పోయాడంటుంది వీధి వీధంతా. పాడె కడుతూ కూడా అదే మాట. సారాయి వాసనే గిట్టదు తంబీ వాడికి. వాడి కూతుర్ని బడిలో తాగుబోతు కూతురంటున్నారు.”

“అయ్యో.”

“నీళ్ళు చంపాయని ఒక కాగితం కావాలి నాకు. సర్కారు ముద్రేసి. అది పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాను.”

“నీళ్ళు అట్లాంటివే అయితే, కడిగినా అట్లానే వస్తుందమ్మా.”

“రాకపోతే?”

“ఈలోపు ఫారం నింపుదాం. ఈ బావి నీళ్ళు తాగేవాళ్ళా?”

“రాకపోతే ఏంటి అని అడిగాను.”

“తాగేవాళ్ళా అమ్మా?”

“తాగేవాళ్ళం. నేను కాపురానికొచ్చిన కాడ్నించీ.”

“ఈ వీధిలో నీళ్ళ రుచి మారిందంటున్నారు. ఆ తర్వాత కూడా తాగారా?”

“తమిళరసి చెప్పింది. మా కోడలు. అత్తా, నీళ్ళు చేదెక్కాయి, బస్టాండు కుళాయి నీళ్ళు తెచ్చుకుందామని. వాడు సైకిలుకి కట్టుకుని రెండు బిందెలు తెచ్చాడు కూడా.”

“మరి?”

“ఇది రాసుకుంటున్నావా?”

“లేదు. చెప్పండి.”

“పారబోశాను. రెండు బిందెలూ వాకిట్లో పారబోశాను. మీ తాత తవ్వించిన బావి, ఈ నీళ్ళతోనే కదరా నిన్ను పెంచింది, పెళ్ళాం చెప్పేసరికి చేదయిందా అన్నాను. వాడు మారుమాట అనలేదు. నా ఎదురుగా చెంబు ముంచుకుని గటగటా తాగాడు. తాగి నవ్వాడు. మళ్ళీ కుళాయి ఊసెత్తలేదు. మూడేళ్ళు.”

“మీరూ అవే తాగారు కదమ్మా.”

“తాగాను. నాకేం కాలేదు. చూడు, నాకేం కాలేదు.”

“ఊరుకోండి... కడగడం అయిపోయింది. దించనా?”

“ఆగు!”

“ఏమైంది?”

“ఆ అంచున పచ్చగా ఇంకా ఉంది.”

“లేదమ్మా, శుభ్రంగా ఉంది.”

“ఉంది. నాకు కనిపిస్తోంది. ఇంకోసారి కడుగు.”

“కడిగితే మీకు కావలసిన కాగితం రాకపోవచ్చన్నారు ఇందాక.”

“వద్దు. కాగితం వద్దు. బాగా కడుగు నాయనా... మావాడు సారాయి తాగేవాడు. రోజూ తాగేవాడు తంబీ.”